ఇనుము చల్లే ఉద్యోగం గురించి అబ్బాయికి

కళింగపట్నం

చిరంజీవి కిరణ్‌కు అమ్మ ఆశీస్సులు.

సముద్రంలో ఇనుము చల్లి, గాలిలోని కార్బన్ డయాక్సైడును తగ్గించి, ఆ తగ్గింపును కార్బన్ క్రెడిట్లుగా అమ్మే సంస్థలో నీకు ఉద్యోగం వచ్చిందని రాశావు. పదవీ విరమణ దాకా సముద్రపు నీటిలో కర్బనం కొలుస్తూ గడిపినదానిని కనుక నా అభిప్రాయం అడిగావు.

ఆ ఆలోచన బూటకం కాదు. దక్షిణ మహాసముద్రంలో నత్రజని, భాస్వరం పుష్కలంగా ఉన్నా ఇనుము కొరతవల్లనే వృక్షప్లవకాలు (నీటిలో తేలుతూ కార్బన్ డయాక్సైడును పీల్చుకొని పెరిగే సూక్ష్మజీవులు) ఎదగడం లేదని అమెరికా సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ 1980ల చివర్లో వాదించాడు. తరువాతి ప్రయోగాలు దానిని బలపరిచాయి. అయితే ప్లవకాలు పెరగడం వేరు, అవి పీల్చుకున్న కర్బనం లోతుకు దిగి శతాబ్దాలపాటు అక్కడే ఉండిపోవడం వేరు. 2009లో మన దేశపు, జర్మనీ శాస్త్రవేత్తలు పోలార్‌స్టెర్న్ నౌకపై వెళ్లి, లోహాఫెక్స్ పేరుతో, దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుప సల్ఫేటు కలిపారు. ప్లవకాలు పెరిగాయి. కానీ ఆ నీటిలో సిలికా చాలినంత లేక, దానితో గట్టి పెంకు కట్టుకునే డయాటములు వృద్ధి చెందలేదు. పెరిగిన మెత్తని జీవులను కోపిపాడ్లనే చిన్న జీవులు మేసేశాయి. లోతుకు దిగిన కర్బనం బహు స్వల్పం. కొందరు దానిని వైఫల్యమన్నారు గాని, నా దృష్టిలో అంత స్పష్టమైన జవాబు దొరకడమే అదృష్టం.

మన బంగాళాఖాతాన్నే చూడు. వంశధార వంటి నదుల మంచినీరు, బరువైన ఉప్పునీటిపై మూతలా తేలి, కింది పోషకాలను పైకి రానివ్వదు. అందుకే ప్లవకాల విషయంలో అరేబియా సముద్రం కంటే ఇది పేదది. అయినా అవే నదులు తెచ్చిన బంకమట్టి చనిపోయిన ప్లవకాలకు అంటుకొని, సూక్ష్మజీవులు తినేసేలోగా వాటిని లోతుకు లాగుతుంది. ఈ సంగతి నీటి రంగు చూస్తే తెలియలేదు. వేల మీటర్ల లోతున గరాటుల వంటి పరికరాలు వేలాడదీసి, రాలిపడే రేణువులను నెలల తరబడి పట్టి తూచితేనే తెలిసింది.

నా పని ఇంకా చిన్నది. సీసాలో నీరు పట్టి, అందులోని జీవులు కర్బనాన్ని మార్చకుండా మెర్క్యురిక్ క్లోరైడు వేసి, మూత బిగించి, తరువాత కొలవడం. (ఊగే ఓడలో ఆ పని ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పనక్కరలేదు; నా వాంతుల కథలు వింటూనే పెరిగావు.) సముద్రంలోని కర్బనం గాలిలో ఉన్నదానికి దాదాపు 50 రెట్లు కనుక, అంత రాశిలో కొత్తగా చేరినది పట్టుకోవాలంటే వెయ్యింట ఒక వంతు తేడా కూడా జారిపోకూడదు. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు నాలుగో వంతును సముద్రమే తీసుకుంటోందని ఈనాడు ధైర్యంగా చెప్పగలగడానికి ఇటువంటి సీసాలు కూడా ఒక కారణం.

కనుక చేరే ముందు ఆ సంస్థను ఒక్క విషయం అడుగు: కర్బనం ఎంత లోతుకు దిగిందో ఎవరు కొలుస్తారు, ఎన్నేళ్లు కొలుస్తారు, ఏమీ దిగలేదని తేలితే అమ్మిన క్రెడిట్ల సంగతి ఏమిటి? క్రెడిట్లు అమ్మేవారే కొలుస్తామంటే నాకు నచ్చదు. జవాబు రాతపూర్వకంగా తెప్పించుకొని నాకు పంపు, చదివి నా మాట చెబుతాను.

ఇట్లు,
అమ్మ