ఆ టేపు గురించి సాహితికి

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ.

చి. సాహితికి అమ్మ ఆశీస్సులు.

క్రిందటి ఆదివారం నువ్వు ఫోనులో అడిగినప్పుడు నేను దురుసుగా మాట్లాడాను. మన విశాఖ పాతపట్నంలో శ్రీరామనవమి పందిట్లో నేను వాయించిన మోహన రాగం టేపులోంచి ఒక ముక్క కోసి, ప్రణీత దానినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంటే దాని మీద నువ్వు ర్యాప్ చెబుతానన్నావు. నా కచేరీ మీకు చిల్లర సామానులా కనబడుతోందా, పరాయి సొమ్ముతో పాట కడతారా అని నేను ఫోను పెట్టేశాను. (మీ నాన్నగారు ఆ రాత్రి భోజనం దగ్గర నాతో రెండు మాటలే మాట్లాడారు, రెండూ మజ్జిగ గురించే.) నువ్వు మాత్రం కోప్పడకుండా గ్యాంగ్ స్టార్ అనే ఇద్దరు కుర్రాళ్ళ మొదటి ఆల్బమ్ 'నో మోర్ మిస్టర్ నైస్ గై'ని పంపి, దీన్ని విన్నాక మాట్లాడదామన్నావు. పొద్దున్న పాఠాలకు పిల్లలు రాకముందు వారం రోజులపాటు దాన్ని విన్నాను.

ఇద్దరిలో మాటలు చెప్పే అతని పేరు గురు అని చూసి మొదట నవ్వు వచ్చింది. నలభై ఏళ్ళుగా ఫిడేలు పాఠాలు చెబుతున్నదానికి ఆ పేరు పెట్టుకున్నవాడి మీద కాస్త అనుమానం కలగడం సహజం. తరువాత తెలిసింది, అది నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాల కూర్పు అని: గిఫ్టెడ్ అన్‌లిమిటెడ్ రైమ్స్ యూనివర్సల్. అసలు పేరు కీత్ ఈలమ్, ఊరు బోస్టన్, తండ్రి అక్కడి మునిసిపల్ కోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు. అంతటి న్యాయమూర్తి కొడుకు మోర్‌హౌస్ కళాశాలలో చదువుకుని, న్యూయార్కుకు చేరి ర్యాప్ చెప్పుకుంటానంటే ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో నేను ఊహించుకోగలను కానీ, ఊహను చరిత్రగా రాయను. రెండవ అతను రికార్డులు తిప్పే డీజే ప్రీమియర్, అంటే క్రిస్టఫర్ మార్టిన్. టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్ వాడు. ఎక్కడి బోస్టన్, ఎక్కడి హ్యూస్టన్! ఒకరి పని ఒకరికి టేపుల ద్వారానే తెలిసిందట. వాళ్ళ ఆల్బమ్ 1989లో వైల్డ్ పిచ్ అనే చిన్న సంస్థ ద్వారా వచ్చింది. ఆ రోజుల్లో ఇక్కడ జగదాంబ దగ్గర మేము కాగితం మీద పాటల జాబితా రాసిచ్చి క్యాసెట్లు నింపించుకునేవాళ్ళం.

ఇక అసలు సంగతికి వస్తాను. నా అభ్యంతరం డాబుకోసం పెట్టినది కాదు. నాకు తెలిసినంతలో వీళ్ళు ముక్కలు కోసుకున్న జాజ్, అప్పటికప్పుడు అల్లుకునే మన మనోధర్మ సంగీతానికి దగ్గర చుట్టం. 'వర్డ్స్ ఐ మ్యానిఫెస్ట్' అనే పాటలో వీళ్ళు వాడుకున్న 'ఎ నైట్ ఇన్ ట్యునీషియా'ను స్వరపరచిన డిజీ గిలెస్పీ ట్రంపెట్ పట్టుకుంటే, ఒక రోజు వాయించినట్టు మరునాడు వాయించే మనిషి కాదు. వరస ఒకటే, విస్తరణ వేరు. ఆయన, చార్లీ పార్కర్, ఇంకా కొందరు కలిసి 1940లలో బీబాప్ అనే పద్ధతికి రూపం ఇచ్చినది కూడా, జాజ్‌ను కాళ్ళు కదపడానికి తోడుగా కాక, చెవి ఒగ్గి కూర్చుని వినవలసిన సంగీతంగా నిలబెట్టడానికే. అటువంటి సంగీతంలోంచి నాలుగు క్షణాలు కోసి గానుగెద్దులా ఒకే చుట్టు తిప్పితే, అందులోని ప్రాణం పోదా అన్నది నా ప్రశ్న. పాటలో ఒక సంగతిని రెండుసార్లు ఒకేలా వాయించిన శిష్యురాలిని నేను ఎలా చూస్తానో నీకు తెలియనిది కాదు.

నాలుగో రోజున చేత్తో తాళం వేసుకుంటూ విన్నప్పుడు నా ప్రశ్నే కాస్త పక్కకు జరిగింది. వాళ్ళ లయ లెక్కలో నాలుగేసి దెబ్బల చొప్పున రెండు బార్లు కలిస్తే ఎనిమిది. అంటే మన ఆది తాళంలో సరిగ్గా ఒక ఆవర్తనం, ఒక పూర్తి చుట్టు. ప్రీమియర్ తిప్పుతున్న ముక్కను నేను రాగంగా వింటున్నాను కనుక విసుగు పుట్టింది. అతను దానిని తాళంగా వేస్తున్నాడు. తాళం ప్రతి ఆవర్తనంలోనూ ఒకేలా ఉన్నదని ఎవరు నొచ్చుకుంటారు? మనోధర్మం చచ్చిపోలేదు, ట్రంపెట్ దగ్గర నుంచి మాట దగ్గరకు చేరింది. గురు దాదాపు ఒకే స్థాయిలో, గొంతు ఎత్తకుండా దించకుండా మాట్లాడతాడు. అది అతని శ్రుతి. ఆ శ్రుతి మీద నిలబడి ఒకచోట సమానికి, అంటే ఆవర్తనం మొదటి దెబ్బకు, ముందే మాట ఎత్తుకుంటాడు, మరోచోట సమం దాటనిచ్చి అందుకుంటాడు, అంత్యప్రాసను అనుకున్న దెబ్బ మీద పడనీయకుండా పక్క దెబ్బ మీదకు జరుపుతాడు. అతీతం, అనాగతం అని మనం శ్రమపడి నేర్పే విషయాలు అతని నోట్లో కబుర్లలా దొర్లుతున్నాయి.

అందులోనే 'డీజే ప్రీమియర్ ఇన్ డీప్ కాన్సంట్రేషన్' అని మాటలు చెప్పేవాడు తప్పుకున్న పాట ఒకటి ఉన్నది. రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ లాగుతూ, గీరుతూ, ఆపుతూ ప్రీమియర్ ఒక్కడే నడిపిస్తాడు. కచేరీలో మేమందరం వాద్యాలు ఒళ్ళో పెట్టుకుని మృదంగానికి తని ఆవర్తనం వదిలిపెట్టే ఘట్టమే ఇది. పక్కవాద్యానికి ఆ చోటు ఇచ్చిన కచేరీని నేను గౌరవిస్తాను. 'జాజ్ మ్యూజిక్' అనే మరో పాటలో ఆ సంగీత చరిత్రనే చెప్పుకొచ్చారు. దానికి కొనసాగింపులాగా 1990లో స్పైక్ లీ అనే దర్శకుడి సినిమా కోసం 'జాజ్ థింగ్' చేశారు.

ఆల్బమ్ అంతా బాగున్నదని మాత్రం నేను అనను. సగానికి సగం ఇంకా దారి వెతుక్కుంటున్నవాళ్ళ పని. డ్రమ్ము దెబ్బలు కొన్నిచోట్ల మాటను మింగేస్తున్నాయి. నాతో సమానుడు లేడన్న ప్రగల్భం పాట తరువాత పాటలో వస్తుంటే విసుగు కలిగింది. అయితే ఆ మాట అనగానే మీ నాన్నగారు, తమను ఓడించినవారికి మీసాలు తీసి మొక్కుతామన్న తిరుపతి వేంకట కవులను గుర్తు చేశారు. జంట కవులకు చెల్లినది జంట ర్యాపర్లకు చెల్లదనడానికి నాకు కారణం దొరకలేదు. నువ్వు కూడా ఆ దారి పట్టేటట్టయితే ఒక్క పాటతో సరిపెట్టు.

పరాయి సొమ్ము అన్న మాటను కూడా నేను వెనక్కు తీసుకుంటున్నాను. నా చేతిలోని వాద్యమే పరాయిది. ఐరోపా నుంచి వచ్చిన దానిని మన పెద్దలు ఒళ్ళోకి వంచి, శ్రుతి మార్చి, స్వరాన్ని ఊపి గమకం పలికించారు. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ పరాయి వాద్యంతోనే ఫిడేలు నాయుడు గారు అయ్యారు. తీసుకోవడం తప్పు కాదు; తీసుకున్నది ఎవరిదో చెప్పకపోవడం దగ్గరే నా పేచీ. 1991 డిసెంబరులో న్యూయార్కులో ఒక న్యాయమూర్తి, అనుమతి లేకుండా పాట ముక్క వాడిన ర్యాపర్ కేసులో, దొంగిలించరాదన్న బైబిల్ వాక్యంతోనే తీర్పు మొదలుపెట్టారు. ఆ తరువాత అడిగి, డబ్బు కట్టి వాడుకోవడం తప్పనిసరి అయింది. అప్పుడైనా ఆ డబ్బు చేరేది పాట హక్కులున్నవారికే కానీ వాయించినవారికి కాదు. 1970లో గాయకుడు జేమ్స్ బ్రౌన్ రికార్డు 'ఫంకీ డ్రమ్మర్'లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ వాయించిన కొద్దిపాటి డ్రమ్ము నడకను లెక్కలేనన్ని హిప్ హాప్ పాటలు వాడుకున్నాయి. పాట హక్కులో అతనికి భాగం లేదు కనుక ఆ ఆదాయం అతనికి అందలేదు.

ఈ డ్రమ్మరు సంగతి చదివాక నా టేపు తీసి మళ్ళీ విన్నాను. మన ఉప్పుగాలికి బూజు పట్టి, అక్కడక్కడా గొంతు నొక్కినట్టు వినబడుతున్నది కానీ అక్కడికక్కడ అల్లి వాయించిన కల్పనస్వరాల భాగం బాగానే ఉన్నది. నువ్వు అడిగిన చోట నా ఫిడేలు ఒక్కటే లేదు తల్లీ. దాని కింద మృదంగం ఉన్నది. ఆ నడకకు ఊపు వచ్చింది నా కమాను వల్ల కాదని ఇన్నేళ్ళ తరువాత ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నువ్వు నన్ను అడిగావు, అది మర్యాద. మృదంగం మాస్టారిని అడగాలని నీకూ తోచలేదు, నాకూ తోచలేదు.

గురు 1993లో 'జాజ్‌మటాజ్' మొదటి భాగం చేసినప్పుడు, కోసిన ముక్కలతో సరిపెట్టుకోకుండా డొనాల్డ్ బర్డ్, రాయ్ అయర్స్ వంటి జాజ్ పెద్దలను పిలిచి, తన మాట పక్కన వాళ్ళ చేత వాయింపించాడు. నన్ను అలా పిలవమని సూచించడం లేదు. పిలిస్తే మాత్రం రానని కూడా అనడం లేదు.

నా వరకు అనుమతి ఇస్తున్నాను. తీసుకునేది ఆలాపనలోంచి వద్దు, దానికి తాళం లేదు. రెండవ వైపున కల్పనస్వరాలు మొదలయ్యాక పూర్తి ఆవర్తనాలు రెండు తీసుకోండి. మోహనం అయిదు స్వరాలదే కనుక ప్రణీత కింద వేసే మంద్ర స్వరాల బేస్‌తో పెద్దగా పేచీ ఉండదు కానీ, గమకం మధ్యలో మాత్రం కత్తెర పెట్టవద్దని ఆ అమ్మాయికి చెప్పు. ఆ రెండు ఆవర్తనాల వెనుక హార్బరు నుంచి ఒక ఓడ కూత వినిపిస్తుంది. అది శ్రుతిలో లేదు. తీసేయాలో ఉంచాలో మీ ఇష్టం.

మృదంగం మాస్టారికి నిన్న సాయంత్రం నేనే ఫోను చేశాను. ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు, విజయనగరంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. సంగతంతా విని, పాట మీద తన పేరు వేస్తారా అని అడిగారు. వేస్తారని నీ తరఫున మాట ఇచ్చాను. ఒక్కటే షరతు పెట్టారు: మీ యంత్రంలో కాలం తగ్గిస్తే మృదంగం గొంతు బొంగురుపోతుందట, తాను వాయించిన వేగంలోనే ఉంచమన్నారు. ప్రణీతను కనుక్కుని ఆయనకు నువ్వే ఫోను చేసి చెప్పు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నిద్రపోతారు, అప్పుడు చేయకు.

ఇట్లు,
అమ్మ