నీ కథలో నిద్రపోయిన కావలివాడి గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన తొమ్మిదో అధ్యాయం రెండు రాత్రుల్లో మూడుసార్లు చదివాను. కావలిలో కునుకు తీసిన ఆ పదహారేళ్ల కుర్రాణ్ణి సేనాపతి తెల్లవారకముందే ఉరితీయిస్తాడు. పటాలమంతా మంచులో నిలబడి చూస్తుంది. చలికి తాడు బిగుసుకుపోయి ముడి పడకపోతే, సేనాపతే చేతి తొడుగులు తీసి ముడి వేస్తాడు. ఆ తొడుగుల దగ్గర కాసేపు కాగితాలు పక్కన పెట్టేశాను. బాగా రాశావు తల్లీ. కూతురివని అంటున్న మాట కాదు ఇది.

కానీ పన్నెండో అధ్యాయానికి వచ్చేసరికి అదే పటాలం అతడి కోసం ప్రాణాలివ్వడానికి ఎగబడుతోంది. మధ్యలో ఏం జరిగింది? నువ్వు రాసినదాన్ని బట్టి ఏమీ జరగలేదు. కఠినంగా ఉన్నాడు కాబట్టి గొప్పవాడు, గొప్పవాడు కాబట్టి ప్రేమించారు. అది నాకు మింగుడు పడలేదు. ఫోన్‌లో తేలిపోయే మాట కాదని కూర్చుని రాస్తున్నాను.

శిక్ష తగ్గించమని నేను అడగను. నిజం సేనలు నీ సేనాపతి కంటే కరకుగా ఉండేవి. రోమన్ శిబిరంలో రాత్రి గస్తీ ఎలా సాగేదో పాలీబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు వివరంగా రాశాడు. గస్తీ తిరిగేవాడు సాక్షుల్ని వెంటబెట్టుకుని ఒక్కో కావలి దగ్గరికి వెళ్లి, మెలకువగా ఉన్నవాడి దగ్గర గుర్తు బిళ్ల తీసుకునేవాడు. తెల్లారి ఏ బిళ్ల తగ్గిందో చూస్తే నిద్రపోయినవాడు దొరికిపోయేవాడు. నేరం రుజువైతే ట్రిబ్యూన్ అనే పై అధికారి కర్రతో ఊరికే అలా తాకేవాడు. ఆ తర్వాత శిబిరంలో ఉన్నవాళ్లంతా దుడ్డుకర్రలతో, రాళ్లతో మీద పడేవాళ్లు. ఎవడైనా బతికి బయటపడినా ఇంటి గడప తొక్కడానికి లేదు, చుట్టాలు రానిచ్చేవాళ్లు కాదు.

ఇందులో నీకు పనికొచ్చేది చావు కాదు. కొట్టింది ఎవరన్నది. ముందురోజు పక్కన కూర్చుని తిన్నవాడే రాయి ఎత్తాడు. నీ కథలో సేనాపతి ఒక్కడే ముడి వేశాడు, మిగతావాళ్లు చూస్తూ నిలబడ్డారు, వాళ్ల చేతులకు ఏమీ అంటలేదు. ఆ గుడారంలో కుర్రాడితో పాటు పడుకున్న ఏడుగురిలో ఒక్కడి చేతికైనా ఆ తాడు ఇచ్చి చూడు. పన్నెండో అధ్యాయం దానంతటదే మారిపోతుంది.

పదిమందిలో ఒకణ్ణి చంపే శిక్షను కూడా నువ్వు ఒక వాక్యంలో దాటేశావు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటును అణచడానికి వెళ్లిన రోమన్ సేనాని క్రాసస్, ముందుగా పారిపోయిన 500 మందిని పదేసి మంది చొప్పున 50 జట్లు చేసి, జట్టుకొకణ్ణి చీటీ తీసి చంపించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. వాళ్లలో ఎవరి తప్పు ఎక్కువో, ఎవరి తప్పు తక్కువో ఆ చీటీకి తెలియదు. ఇలాంటి శిక్షలో మిగిలిపోయిన తొమ్మిదిమందికి గోధుమలు ఆపి బార్లీ పెట్టేవాళ్లనీ, శిబిరం కంచె బయట గుడారాలు వేసుకోమనేవాళ్లనీ పాలీబియస్ చెబుతాడు. నవల రాసేదానివి కదా, నీకు ఆ బార్లీ ముఖ్యం. చంపడం ఒక్క పేజీలో అయిపోతుంది. పూటపూటా నోట్లోకి వెళ్లే అవమానం పుస్తకమంతా ఉంటుంది.

దెబ్బ తిన్నవాడికి జ్ఞాపకం ఉంటుందని నీ కథ మరిచిపోయింది. రోమన్ సేనలో లుసిలియస్ అనే సెంచూరియన్, అంటే ఒక దళానికి నాయకుడు, ఉండేవాడు. సైనికుడి వీపు మీద ద్రాక్షకర్ర విరగ్గొట్టి, ఇంకోటి తే, ఇంకోటి తే అని అరిచేవాడు. సైనికులు అతడికి పెట్టిన పేరే 'ఇంకోటి తే'. క్రీ.శ. 14లో చక్రవర్తి అగస్టస్ చనిపోయిన కబురు వచ్చాక పన్నోనియా అనే రోమన్ రాష్ట్రంలో సేనలు తిరగబడ్డాయి. అప్పుడు చంపినవాళ్లలో అతడూ ఉన్నాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఎన్నేళ్లు లెక్కపెట్టుకున్నారో ఆ విరిగిన కర్రల్ని!

ఇక ప్రేమ సంగతి. గ్రీకు నగరం స్పార్టా నుంచి వచ్చిన క్లియర్కస్ అనే సేనాని గురించి, క్రీ.పూ. 401 నాటి దండయాత్రలో అతడితో కలిసి నడిచిన జెనొఫోన్ రాసిన నాలుగు మాటలు నీకు చాలా పనికొస్తాయి. సైనికుడు శత్రువు కంటే తన సేనానికే ఎక్కువ భయపడాలనేవాడట క్లియర్కస్. ఆపద ముంచుకొచ్చినప్పుడు సైనికులు అతడి మాటే వినాలనుకునేవాళ్లు, ఆ కోపిష్ఠి ముఖంలోనే వాళ్లకు ధైర్యం కనిపించేది. ఆపద దాటి వేరే సేనాని దగ్గరికి వెళ్లే వీలు చిక్కగానే చాలామంది వెళ్లిపోయేవాళ్లు. పంతులుగారి ముందు పిల్లల్లా ఉండేవాళ్లంటాడు జెనొఫోన్. అభిమానంతో వెంట వెళ్లినవాళ్లు అతడికి ఎప్పుడూ లేరట. నీ సేనాపతి అచ్చంగా ఇతడే అమ్మలూ. అతడికి దక్కేది దక్కనివ్వు. దక్కని ప్రేమను నువ్వు తెచ్చి ఒళ్లో పెట్టకు.

నీ లోకంలో ఇంకో చిక్కుంది. సైనికుల మణికట్టు మీద ప్రమాణ ముద్ర ఉంటుందన్నావు, ఆజ్ఞ మీరితే అది కాలుతుందన్నావు. అంత మంత్రం చేతిలో ఉన్న సేనాపతికి ఉరికంబం దేనికి? ముద్రే ముందుకు తోస్తుంటే వాళ్లలో ధైర్యం ఎక్కడుంది, అతడిలో నాయకత్వం ఎక్కడుంది? గొర్రెల్ని తోలినట్టే కదా. మాయ ఉన్న లోకంలోనూ మనిషి భయపడుతూ నిలబడితేనే నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఆ ముద్ర పనిచేయని ఒక్క రాత్రి రాయి. ఎవరు మిగులుతారో నీకే తెలుస్తుంది.

మన మాటల్లోనే చూడు. దండం అంటే కర్ర. దండన అంటే శిక్ష. దండు అంటే సేన. చేతులు జోడిస్తే అదీ దండమే. దండనాయకుడి చేతిలో ఇవన్నీ ఉంటాయి. మొదటి రెండింటితో చివరిది రాబట్టవచ్చని నీ సేనాపతి నమ్ముతున్నాడు. నువ్వూ నమ్మేశావేమోనని నా బెంగ.

మీ తాతయ్య పటాలంలో ఉన్న రోజుల గురించి చెప్పేటప్పుడు శిక్షల మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎన్ని పడ్డాడో నాకు తెలియదు. ఆయన పదేపదే చెప్పింది ఒక ఆఫీసరు గురించి. పొద్దంతా నడిపించాక బూట్లు విప్పించి, దీపం పట్టుకుని ఒక్కొక్కరి పాదాలు చూసి, ఆ తర్వాతే తను తినేవాడట. పేరు కూడా గుర్తులేదు, ఆ దీపం గుర్తుంది. ఎడారిలో దాహంతో చస్తున్న సేన ఎదుట, తన కోసం శిరస్త్రాణంలో తెచ్చిన నీళ్లను అలెగ్జాండర్ నేలపాలు చేశాడన్న కథ నువ్వూ వినే ఉంటావు. గొప్ప కథే. అయితే ఆ ఎడారిలోకి వాళ్లను తీసుకెళ్లిందీ అతడే. ఎంతోమంది అక్కడే రాలిపోయారు. ఆ నీళ్లతో అది కడుక్కుపోదు.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. ఎనిమిదో అధ్యాయం మళ్లీ తీసి చూడు. కావలికి మనుషులు చాలక ఆ కుర్రాణ్ణి వరుసగా మూడు రాత్రులు నిలబెట్టినట్టు నువ్వే రాశావు. ఆ ఆజ్ఞ ఇచ్చింది సేనాపతి. తొమ్మిదో అధ్యాయంలో అతడికీ అది గుర్తులేదు, నీకూ గుర్తులేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సొంత సేన కాల్చి చంపిన బ్రిటిష్, కామన్వెల్త్ సైనికుల్లో 306 మందికి 2006లో క్షమాభిక్ష దక్కింది. ఎక్కువమంది మీద పారిపోయారన్న నేరం. ఆ యుద్ధంలో కావలిలో నిద్రపోయారని చంపినవాళ్లూ ఇద్దరున్నారు. వాళ్లను ఎవరు, ఎన్ని గంటలు నిలబెట్టారో అడగడానికి ఎంత ఆలస్యమైందో చూడు.

నీ సేనాపతి అది గుర్తుచేసుకుని కూడా ముడి వేయవచ్చు. శత్రువు కొండ దిగుతున్నాడు, సేన చెదిరిపోతుంది, అతడికి వేరే దారి తోచకపోవచ్చు. అలా రాస్తే అతణ్ణి అసహ్యించుకోవాలో జాలిపడాలో తెలియక నేను రాత్రంతా మేలుకుంటాను. గుర్తులేకుండా వేస్తే మాత్రం అతడు నాకు ఉత్త బొమ్మ.

ఇంకొకటి అడగాలని ఉంది. కుర్రాణ్ణి ఉరితీసిన రాత్రి అతడి చోట కావలికి ఎవరు నిలబడ్డారు? నిద్ర వచ్చిందా వాడికి? ఆ అధ్యాయం రాసిన రోజున ఎంత రాత్రయినా సరే పంపు.

మీ నాన్న