టెక్సెల్ ట్రిప్పు: మినీబస్సు లేదు, సీల్స్ లేవు, నేనున్నాను

నమస్తే అండీ. మనతో నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ ద్వీపానికి ఒకసారైనా వచ్చినవాళ్లకు, ఈ సీజన్‌కు అడ్వాన్సు కట్టినవాళ్లకు రాస్తున్నాను. ఇకమీదట మన ట్రిప్పుకు ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్ నుంచి మినీబస్సు ఉండదు. ట్రైన్‌లో వెళ్తాం. డబ్బు వెనక్కి కావాలంటే పూర్తిగా ఇచ్చేస్తాను, కారణం అడగను.

వాట్సాప్‌లో ఈ సంగతి ఇప్పటికే రకరకాలుగా తిరుగుతోంది కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. శనివారం ట్రిప్పు పెట్టుకుని, గురువారం రాత్రి బస్సు యజమాని ఫోన్ చేశాడు. బండి రిపేరు అన్నాడు. పోనీ ఇంకోటి పంపండి అంటే నీళ్లు నమిలాడు. బండి భేషుగ్గా ఉందని, ఎవరి పెళ్లికో ఎక్కువ కిరాయికి వెళ్లిందని తర్వాత తెలిసింది. ఇన్నాళ్లూ చలికాలంలో బేరాల్లేనప్పుడు కూడా అతనికే పని ఇచ్చాను. ఆ ట్రిప్పులో ఉన్న పెద్దవాళ్లకు తర్వాతి వారమే ఇండియాకు తిరుగు ప్రయాణం. ఇక్కడున్న వాళ్ల పిల్లలకు ఫోన్ చేసి 'అమ్మానాన్నలను తీసుకెళ్లలేకపోతున్నాం' అని చెప్పడానికి నోరు రాలేదు. డబ్బు పోతే పోయింది. మా ట్రిప్పు ఎప్పుడూ క్యాన్సిల్ కాదని ఊరంతా చెప్పుకున్న మాట పోయింది. అతనేమో అడ్వాన్సు తిరిగిస్తూ "ఇంత చిన్నదానికి టెన్షన్ ఎందుకండీ" అన్నాడు. అది నాకు ఇంకా మింగుడు పడలేదు.

ఇంకో బస్సు మాట్లాడుకోమని చాలామంది సలహా ఇచ్చారు. మాట్లాడుకోను. ఈ విషయంలో నాకు టెక్సెల్ వాళ్లే నచ్చుతారు. డెన్ హెల్డర్ నుంచి ద్వీపానికి తిరిగే ఫెర్రీ కంపెనీ 'టెసో' వాళ్ల సొంతం. అప్పటిదాకా ఓడలు నడిపిన కంపెనీ ఛార్జీలతో విసిగిపోయి, డాక్టర్ వాగెమేకర్ అనే ఆయన ముందు నిలబడితే, 1907లో ద్వీపం జనమే వాటాలు కొని దాన్ని పెట్టుకున్నారు. ఇప్పుడు తిరిగే ఓడల్లో ఒకదానికి ఆయన పేరే ఉంది. ఓడ కొనే స్తోమత నాకు లేదు. గంటగంటకూ బయల్దేరే ఓడను, నడిచి ఎక్కేవాళ్లకు బుకింగ్ కూడా అక్కర్లేని ఓడను నమ్ముకోవడానికి మాత్రం స్తోమతతో పనేముంది?

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి డెన్ హెల్డర్‌కు ట్రైన్‌లో సుమారు గంటంపావు. స్టేషన్ నుంచి రేవుకు బస్సు, ఓడలో ఇరవై నిమిషాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంత ఎక్కి దిగగలరా అన్న బెంగ నాకూ ఉంది. అందుకే ఆదరాబాదరా లేకుండా ఒక ఓడ తప్పితే ఇంకో ఓడ అన్నట్టుగా టైములు వేశాను.

నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. ద్వీపంలో 28 నంబరు బస్సు డెన్ బుర్గ్ మీదుగా డె కోగ్‌కు వెళ్తుంది. మిగతా ఊళ్లకు 'టెక్సెల్‌హాపర్' అనే చిన్న వ్యాన్లను ముందే బుక్ చేసుకోవాలి. దాంతో మన గ్రూపు ఏడుగురికి మించదు. బస్సు చేతిలో ఉన్నప్పుడు ఒక్కరోజులో మూడు చూపించేవాణ్ణి: ఎకోమారే అనే సముద్రజీవుల కేంద్రంలో సీల్ జంతువులు, ఉత్తర కొసన ఎర్ర లైట్‌హౌస్, ఔడెస్కిల్డ్‌లో కాప్ స్కిల్ మ్యూజియం. ఇప్పుడు రెండే కుదురుతాయి.

లైట్‌హౌస్ తీసేయడానికి చేతులు రాలేదు. 1864లో కట్టింది. 1945 ఏప్రిల్‌లో, జర్మన్ యూనిఫాంలో ఉన్న సోవియట్ జార్జియా సైనికులు ఈ ద్వీపంలో జర్మన్ల మీదే తిరగబడ్డారు. మే 5న దేశమంతటికీ విముక్తి వచ్చినా ఇక్కడ మే 20 దాకా చంపుకుంటూనే ఉన్నారు. దెబ్బతిన్న పాత టవరు చుట్టూ కొత్త గోడ కట్టారు. పైకి ఎక్కేటప్పుడు ఒకచోట రెండు గోడల సందులోకి వెళ్తే పాత గోడలో తూటాల గుంటలు కనిపిస్తాయి. మనతో వచ్చిన ఒక రిటైర్డ్ ఆర్మీ పెద్దాయన ఒక గుంటలో బొటనవేలు పెట్టి చూసి, ఎటువైపు నుంచి కాల్చారో తేల్చేసి, వెనకాల క్యూ ఆగిపోయినా పట్టించుకోకుండా మాకందరికీ క్లాసు పీకారు.

ఇక కాప్ స్కిల్. నేను బందరు వాణ్ణి, ఇందులో నా పక్షపాతం ఉంది, ఉండనివ్వండి. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు తూర్పుకు బయల్దేరే ముందు గాలి కోసం ఔడెస్కిల్డ్ ఎదుటే లంగరేసి కాచుకునేవి. 1600ల మొదట్లోనే ఆ కంపెనీకి మన మచిలీపట్నంలో స్థావరం ఉంది. ఆ ఓడల రేవునంతా మ్యూజియంలో పెద్ద నమూనాగా చేసి పెట్టారు. పై అంతస్తులకు వెళ్తే, 2014లో డైవర్లు మునిగిన ఓడ నుంచి పైకి తెచ్చిన పట్టు గౌను ఉంటుంది. 17వ శతాబ్దంది. ఇసుక కింద ఉండిపోవడంతో అంతగా చెడలేదు. మన ఆంటీలు అద్దానికి ముక్కు ఆనించి, ఆ పువ్వులు కుట్టినవి కావని, నేతలోనే వచ్చినవని గైడ్ కంటే ముందే చెప్పేస్తారు. అంచు లేదేమిటని అడిగినవాళ్లూ ఉన్నారు.

కాబట్టి సీల్స్ తీసేశాను. పిల్లలున్నవాళ్లకు కోపం వచ్చింది, వస్తుంది. ఔడెస్కిల్డ్ రేవు నుంచి రొయ్యల పడవలు టూరిస్టులను తీసుకెళ్తాయి, ఇసుకదిబ్బల మీద సీల్స్ కనిపిస్తే కనిపిస్తాయి. అది మన ట్రిప్పులో లేదు, విడిగా వెళ్తానంటే ఏర్పాటు చెబుతాను. లైట్‌హౌస్ కింద బీచ్ మాత్రం ఎంత ఆడినా తరగదు.

"ట్రైన్‌లో అయితే మేమే వెళ్తాం, మధ్యలో మీరెందుకు" అని ఒకాయన మెసేజ్ పెట్టారు. వెళ్లండి సార్, నిజంగానే. వ్యాన్ ఏ స్టాపులో ఎక్కాలో కావాలంటే ఫోన్లో చెబుతాను, డబ్బు తీసుకోను. మీ నాన్నగారు రేవులో గాలికి వణుకుతుంటే అదనపు జాకెట్ ఎవరి సంచిలో ఉంటుందో మీరే చూసుకోండి.

ధర తగ్గించాను, బస్సు కిరాయి లేదు కదా. కొత్త రేటు గ్రూపులో పెట్టాను. గొర్రెపిల్లలను చూడాలంటే ఏప్రిల్ తేదీలు తీసుకోండి. పులిహోర, దద్దోజనం ఎప్పటిలాగే మా ఇంటి నుంచే వస్తాయి. పోయినసారి తీసుకెళ్లిన స్టీలు డబ్బాలు కొన్ని ఇంకా తిరిగి రాలేదు. ఎవరి దగ్గరున్నాయో నాకు తెలుసు, ఈసారి వచ్చేటప్పుడు తీసుకురండి.