ఉచితంగా వాడుకునేవారికి జవాబు చెప్పనక్కరలేదా?

వినియోగదారుల సహాయ విభాగం అధిపతి గారికి,

విషయం: నా వ్యక్తిగత ఖాతాపై వ్యాపార వినియోగమన్న ముద్ర వేసి, నాలుగు ఫిర్యాదులకూ సమాధానం ఇవ్వకపోవడం గురించి.

ఆర్యా,

వ్యక్తిగత కంప్యూటర్ల కోసం ఒక చోటి నుంచి మరో చోటి కంప్యూటర్‌ను నడిపించేందుకు మీరు ఉచితంగా ఇస్తున్న రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్ ప్రోగ్రామును నేను 9 ఏళ్లుగా వాడుతున్నాను. 23 రోజుల కిందట మా అమ్మగారి కంప్యూటర్‌తో కనెక్షన్ కలిసిన 5 నిమిషాలకే తెగిపోయి, నేను దీన్ని వ్యాపారానికి వాడుతున్నట్టు అనుమానంగా ఉందన్న సందేశం తెర మీదికి వచ్చింది. అప్పటి నుంచి ప్రతిసారీ అదే వరస. ప్రోగ్రామన్నాక పొరపాట్లు దొర్లడం సహజమేనని నాకూ తెలుసు కనుక, ఆ ఒక్క కారణానికే అయితే ఈ ఉత్తరం రాసి ఉండేవాణ్ణి కాదు. ఆ పొరపాటు సంగతి మీకు చెప్పుకోవడానికి నేను తలుపు తట్టిన ప్రతిచోటా మీవాళ్లు నా మాట వినకుండానే పంపించేశారు. నా బాధంతా అక్కడ ఉంది.

మొదటి ఫిర్యాదుకు క్షణాల్లో జవాబు వచ్చింది. అది యంత్రం పంపిన జవాబు. రెండు రోజుల తర్వాత మీ ప్రతినిధి ఒకరు ప్రోగ్రామును తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని రాశారు. ఆ ముద్ర పడింది మీ సర్వర్లలో ఉన్న నా ఖాతా మీద అయినప్పుడు, ఇక్కడ ప్రోగ్రామును తీసి మళ్లీ వేస్తే అది ఎలా పోతుందని అడిగాను. దానికి సమాధానం లేదు. మర్నాడు ఉదయానికి ఆ టికెట్ (నా ఫిర్యాదు నమోదు) ‘పరిష్కరించబడింది’ అన్న మాటతో మూసి ఉంది. రెండో టికెట్ తెరిస్తే ఇంకొకరు వచ్చి రౌటర్ ఆపి మళ్లీ వేయమన్నారు. మూడోసారి చాట్‌లో దొరికిన వ్యక్తి మాత్రం నేను రాసింది పూర్తిగా చదివి, వ్యక్తిగత వినియోగమేనని సంతకం చేసిన ప్రకటన పంపితే సమీక్షిస్తారని చెప్పారు. అదే రోజు రాత్రి, ఏయే కంప్యూటర్లకు కనెక్ట్ అవుతానో, అవి ఎవరివో, నాకు వాళ్లు ఏమవుతారో వివరంగా రాసి, సంతకం చేసి పంపాను. ఎనిమిది రోజులు ఎదురుచూశాక, ప్రకటన అందలేదు కనుక అభ్యర్థనను మూసివేస్తున్నామని ఉత్తరం వచ్చింది. అందినట్టు మీరే పంపిన రసీదును జతచేసి నాలుగో టికెట్ తెరిచాను. దానికి యంత్రం కూడా జవాబు ఇవ్వలేదు.

ఇక ఫోను. సహాయం కోసమైతే ఒక అంకె, కొనుగోలు కోసమైతే మరో అంకె నొక్కమన్నారు. సహాయం అంకె నొక్కి 40 నిమిషాలు సంగీతం విన్నాక లైను దానంతట అదే తెగిపోయింది. కొనుగోలు అంకె నొక్కితే నిమిషం లోపే ఒకరు పలికారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, కాదనను. కానీ ఉచిత ఖాతాల సమస్యలు తమ పరిధిలోకి రావని చెప్పి, చందా కడితే ఆ సందేశం వెంటనే పోతుందన్నారు. నేను చేయని వ్యాపారానికి లైసెన్సు కొంటే, మీరు వేసిన నింద నిజమేనని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది కదా!

మా అమ్మగారికి చూపు మందగించింది. తెర మీద అక్షరాలు చిన్నవైపోయినా, ఏదో తెలియని పెట్టె వచ్చి ఎటూ కదలకపోయినా ఆమె నాకు ఫోను చేస్తారు, నేను ఇక్కడి నుంచి సరిచేస్తాను. ఆమె కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ హోమ్ ఎడిషన్. బయటి నుంచి వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌ను అది స్వీకరించదు కనుకనే మీ ప్రోగ్రాము అవసరమైంది. నేను ‘అవును నొక్కండి’ అనడం, ఆమె కళ్లద్దాలు వెతుక్కుని ఆ మాట ఎక్కడుందో చూసేసరికి మీ 5 నిమిషాలు అయిపోవడం, ఈ 23 రోజుల్లో ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. ‘నేనేమైనా తప్పు నొక్కానా?’ అని ఆమె ప్రతిసారీ అడుగుతున్నారు.

మీ సంస్థ ఎప్పుడూ ఇలాగే ఉండి ఉంటే నాకు ఇంత కష్టం కలిగేది కాదు. వాడడం మొదలుపెట్టిన కొత్తలో, అవతలి కంప్యూటర్‌లో తెలుగు టైప్ చేస్తే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు పడేవి. ఏ కీబోర్డు లేఅవుట్‌తో ఎలా జరుగుతోందో రెండు సాయంత్రాలు కూర్చుని పరీక్షించి రాసి పంపితే, మీ ఇంజనీరు ఒకరు స్వయంగా జవాబు రాసి, మరో రెండు ప్రశ్నలు అడిగి, తర్వాతి వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. అప్పుడూ నేను మీకు రూపాయి కట్టలేదు. ఆ జవాబు చూసిన నమ్మకంతోనే బంధువుల, స్నేహితుల కంప్యూటర్లు 11 వాటిలో మీ ప్రోగ్రామును నా చేతులతో ఇన్‌స్టాల్ చేశాను. వాళ్లలో ఇద్దరు తర్వాత తమ కార్యాలయాలకు మీ లైసెన్సులు కొన్నారు. బహుశా ఇంతమందికి సాయం చేయడమే మీ లెక్కలో వ్యాపారంగా కనబడిందేమో. అలాగైతే ఆ మాటైనా ఎవరో ఒకరు చెప్పాలి.

వేరే దారులు లేవనుకోకండి. 1998లో కేంబ్రిడ్జ్‌లోని ఒక పరిశోధనాలయం నుంచి ఎవరైనా వాడుకుని మార్చుకోగల జీపీఎల్ లైసెన్సుతో బయటికి వచ్చిన వీఎన్‌సీ అనే రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రాము నేటికీ అనేక రూపాల్లో ఉచితంగా దొరుకుతోంది. అందులోని పాత పద్ధతిలో పాస్‌వర్డు మొదటి 8 అక్షరాల వరకే లెక్కకు వస్తుందనీ, దాని 5900 పోర్టును (బయటి కనెక్షన్లు లోపలికి వచ్చే ద్వారాన్ని) నేరుగా ఇంటర్‌నెట్‌కు తెరిచిపెట్టడం ప్రమాదమనీ, అందుకని కనెక్షన్‌ను సంకేతభాషలో భద్రంగా నడిపే వీపీఎన్ కానీ ఎస్‌ఎస్‌హెచ్ కానీ అమర్చుకోవాలనీ నాకు తెలుసు. రౌటర్ల జోలికి పోకుండా రెండు కంప్యూటర్ల మధ్య నిలిచి సమాచారం చేరవేసే మీ రిలే సర్వర్ల ద్వారా కనెక్షన్ కలిసిపోతుందనే ఇన్నాళ్లూ మిమ్మల్ని అంటిపెట్టుకుని ఉన్నాను. మా అమ్మగారి ఇంటితో కలిపి 12 ఇళ్లలో ఆ అమరిక చేయడానికి నాకు నెల రోజుల ఆదివారాలు పడతాయి. పట్టినా సరే, చేస్తాను. ఎందుకు మారుస్తున్నానో ఆ ఇళ్లవారికీ, లైసెన్సులు కొన్న ఆ ఇద్దరికీ, ఈ నాలుగు టికెట్ల నంబర్లతో సహా రాసి పంపుతాను.

నా ఖాతాపై ఆ ముద్ర ఏ ఆధారంతో వేశారో, ఏయే కనెక్షన్ల వివరాలు చూసి ఆ నిర్ణయానికి వచ్చారో రాతపూర్వకంగా తెలపండి. పొరపాటైతే దాన్ని తొలగించండి. నిర్ణయం మారదంటే ఆ మాటే రాయండి, కానీ నేను పంపిన ప్రకటన చదివిన మనిషి రాయాలి, కింద ఆ మనిషి పేరు ఉండాలి. ఈ ఉత్తరం అందిన 10 రోజుల వరకు చూస్తాను. 11వ రోజున మొదట మా అమ్మగారి కంప్యూటర్‌లోంచి మీ ప్రోగ్రామును తీసేస్తాను.

ఇట్లు,
9 ఏళ్లుగా మీ ప్రోగ్రామును వాడుతున్న వినియోగదారుడు

జతపరచినవి: నాలుగు టికెట్ల ప్రతులు, సంతకం చేసిన ప్రకటన, అది అందినట్టు మీరు పంపిన రసీదు.