పట్టాపైనే బోధనా మాధ్యమం ముద్రించాలి

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లో నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకు కొత్తగా దరఖాస్తు చేసేవారు 2026 జనవరి 8 నుంచి ఇంగ్లిష్‌లో, ఐరోపా భాషా ప్రమాణాల్లోని బి2 స్థాయిని నిరూపించుకోవాలి. అంతకుముందు దానికంటే ఒక మెట్టు కింది బి1 సరిపోయేది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష లెక్కలో చెప్పాలంటే, చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం అనే నాలుగు విభాగాల్లోనూ 4 వస్తే చాలన్న చోట ఇప్పుడు 5.5 తెచ్చుకోవాలి. ఈ మార్పు వచ్చినప్పటి నుంచి మా ఊళ్లో ఎవరిని కదిపినా కోచింగ్ గురించీ పరీక్ష ఫీజు గురించీ మాట్లాడుతున్నారు తప్ప, పరీక్ష రాయకుండానే అర్హత నిరూపించుకునే దారి ఒకటి ఉందని, ఆ దారిలో మన విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని ఉందని గుర్తించడం లేదు.

బ్రిటన్ నిబంధనల ప్రకారం, ఇంగ్లిష్ మాధ్యమంలో చదివిన డిగ్రీయే భాషా సామర్థ్యానికి రుజువుగా చెల్లుతుంది. ఆ డిగ్రీ బ్రిటన్ బ్యాచిలర్ డిగ్రీకి సమానమనీ, బోధన ఇంగ్లిష్‌లో జరిగిందనీ ఎక్టిస్ అనే సంస్థ నిర్ధారించాలి. గతంలో ఈ సంస్థనే నారిక్ అనేవారు. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల పౌరులకు ఈ నిరూపణే అక్కరలేదు గానీ, ఆ జాబితాలో భారతదేశం లేదు. పరీక్ష రాస్తే వచ్చే ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, ప్రతిసారీ పదిహేను వేల రూపాయలకు పైగా ఖర్చవుతుంది. డిగ్రీకి అలాంటి గడువు లేదు. కాబట్టి మన ఇంజినీరింగ్, ఫార్మసీ పట్టభద్రులకు ఇది ఎంతో అనుకూలమైన మార్గం. అందుకు ముఖ్యంగా కావలసింది బోధన ఇంగ్లిష్‌లో జరిగిందని తెలిపే అధికారిక లేఖ. మన పిల్లలు మీడియం సర్టిఫికెట్ అనేది దీన్నే.

ఈ ఒక్క కాగితం కోసం పడే తిప్పలు చూస్తే బాధ కలుగుతుంది. నా పూర్వ విద్యార్థి ఒకరికి బ్రిటన్‌లో ఉద్యోగం ఖాయమై, యాజమాన్యం స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. వీసా దరఖాస్తుకు దాన్ని మూడు నెలల్లోగా వాడుకోవాలి. అతను చదివిన ఇంజినీరింగ్ కళాశాల మూతపడింది. విశ్వవిద్యాలయానికి వెళితే కళాశాల ప్రిన్సిపాల్ లేఖ తెమ్మన్నారు. లేని కళాశాలకు ప్రిన్సిపాల్ ఎక్కడ దొరుకుతారు? సెక్షన్ల చుట్టూ తిరగగా తిరగగా చివరికి చేతికొచ్చిన లేఖలో పేరు, హాల్‌టికెట్ నంబరు సరిగానే ఉన్నాయి గానీ, ‘ఇంగ్లిష్‌ను ఒక సబ్జెక్టుగా చదివారు’ అని రాశారు. ఎక్టిస్ అడిగేది అది కాదు. సవరించిన లేఖ కోసం ఎదురుచూసే వ్యవధి లేక అతను పరీక్ష రాశాడు. నాలుగేళ్లూ ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు చదివి, ల్యాబ్ రికార్డులు మొదలు ప్రాజెక్టు నివేదిక దాకా అన్నీ ఇంగ్లిష్‌లోనే రాసిన విద్యార్థి విషయంలో ఇలా జరగడం సమంజసమా?

తరగతి గదిలో చాలామంది అధ్యాపకులు తెలుగులో వివరిస్తారన్న మాటను నేను కాదనను. ఇంగ్లిష్ అధ్యాపకుడిగా నేను దాన్ని దగ్గరగా చూశాను. విశ్వవిద్యాలయాలు ఇచ్చే ధ్రువపత్రానికి విలువ నిలవాలంటే ఈ అలవాటు మారాలి. అయితే అధికారిక మాధ్యమం ఏదన్న సమాచారం విశ్వవిద్యాలయం రికార్డుల్లోనే ఉన్నప్పుడు దాన్ని రాసివ్వడానికి వెనకాడవలసిన అవసరం లేదు.

నిజమైన పత్రం దొరకనిచోట నకిలీ పత్రాల వ్యాపారం పుట్టుకొస్తుంది. డబ్బు తీసుకుని మీడియం సర్టిఫికెట్ తెప్పిస్తామనే దళారుల మాట విని, అది అసలుదో కాదో తెలియకుండానే వీసాకు జతచేసేవారు ఉన్నారు. మోసపూరిత పత్రాలు దాఖలు చేశారని తేలితే పదేళ్ల పాటు బ్రిటన్‌లో అడుగుపెట్టే అవకాశమే పోవచ్చు. మామూలు ఐఈఎల్‌టీఎస్ రాయించి, వీసాకు కావలసింది యూకేవీఐ (బ్రిటన్ వీసా విభాగం) పేరుతో విడిగా బుక్ చేసుకునే పరీక్ష అన్న సంగతి ఆఖరున చెప్పే కోచింగ్ కేంద్రాలపైనా అధికారులు దృష్టి పెట్టాలి.

నర్సుల విషయం వేరు. వారు అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ప్రమాణాన్ని అందుకోవాలి. ఐఈఎల్‌టీఎస్‌లో రాయడానికి 6.5, మిగతా మూడింటికి 7 రావాలి. అది సాధిస్తే వీసా కోసం మళ్లీ నిరూపించుకోనక్కరలేదు. మందు మోతాదు తప్పుగా వింటే ప్రాణం మీదికి వస్తుంది కనుక ఆ కఠినత్వం న్యాయమే. కానీ డ్యూటీ నోట్సు రోజూ ఇంగ్లిష్‌లో రాసే నర్సులు కూడా 250 పదాల వ్యాసం దగ్గర అర మార్కుతో ఆగిపోతున్నారు. జర్మనీ, జపాన్ వెళ్లేవారికి భాష నేర్పిస్తున్న తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఇంగ్లిష్ రాత మీద కూడా నర్సులకు శిక్షణ ఇస్తే ఎంతో మేలు.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లకు నా విన్నపం ఇది. ఇకపై ఇచ్చే ప్రతి పట్టాపైనా, కన్సాలిడేటెడ్ మెమోపైనా బోధనా మాధ్యమాన్ని ముద్రించాలి. పాత విద్యార్థులకు ఆన్‌లైన్‌లో, విదేశీ సంస్థలు నేరుగా సరిచూసుకునేలా, నిర్ణీత గడువులోగా మీడియం సర్టిఫికెట్ ఇవ్వాలి. మూతపడిన కళాశాలల విద్యార్థులను ప్రిన్సిపాల్ లేఖ అడగకుండా, తమ రికార్డుల ఆధారంగా విశ్వవిద్యాలయాలే ఆ పత్రం జారీ చేసేలా ఉత్తర్వులివ్వాలి.

భవదీయుడు,
విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు, ఖమ్మం