వెర్టిగోలో ఆకుపచ్చ అంటే అసూయ కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో హిచ్‌కాక్ ‘వెర్టిగో’ (1958) మీద మీరు వేసిన వ్యాసం చదివాను. కథ బాగానే చెప్పారు, కానీ రంగుల దగ్గరికి వచ్చేసరికి ‘ఎరుపు ప్రమాదానికి, ఆకుపచ్చ అసూయకు గుర్తు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు మనసొప్పలేదు, అందుకే రాస్తున్నాను. ఆ సినిమాలో కాస్తో కూస్తో అసూయపడే మనిషి హీరో స్కాటీ స్నేహితురాలు మిడ్జ్ ఒక్కతే, ఆవిడ మొదటి సీన్లో వేసుకున్నది పసుపు స్వెటర్!

ఆకుపచ్చ మొత్తం మడలిన్‌ది, అంటే డిటెక్టివ్ స్కాటీ నిఘా వేసి, ప్రేమలో పడే ఆమెది. ఎర్నీస్ రెస్టారెంట్ సీన్ ఇంకోసారి చూడండి. గోడలన్నీ ముదురు ఎరుపు, అంతమంది మధ్య ఆమె ఒంటి మీద మాత్రమే ఆకుపచ్చ. ఆమె లేచి వచ్చి స్కాటీ పక్కన ఒక్క క్షణం ఆగినప్పుడు వెనకున్న ఎరుపు ఉన్నట్టుండి వెలిగి, మళ్లీ తగ్గుతుంది. ఆ గదిలో ఎవరూ లైటు వేయలేదు. అతని గుండెలో జరిగినది గోడ మీద కనపడింది, అంతే. ఆ తర్వాత అతను ఊరంతా వెంబడించే ఆమె కారు కూడా ఆకుపచ్చే. ఆమె చనిపోయాక వీధిలో అచ్చం ఆమెలాగే ఉన్న జూడీ ఎదురైనప్పుడు ఆ అమ్మాయి డ్రెస్సు ఏ రంగో వేరే చెప్పాలా? పోయిన మనిషి మళ్లీ వస్తుందన్న ఆశ అది, దాన్ని అసూయ అంటే ఎలాగండీ.

ఇక మడలిన్ వేసుకునే బూడిద రంగు సూటు. శాన్ ఫ్రాన్సిస్కో పొగమంచులోంచి నడిచొచ్చినట్టు ఆమె కనపడాలని హిచ్‌కాక్ అనుకున్నాడట, ఆ రెండు పాత్రలూ వేసిన కిమ్ నోవాక్‌కి మాత్రం ఆ సూటు నచ్చలేదు. కథలో జూడీకీ అది ఇష్టం లేదు, అయినా ఆమెను మడలిన్‌లా మార్చాలని స్కాటీ పట్టుబట్టి అదే కొనిపిస్తాడు, జుట్టుకు రంగు వేయిస్తాడు. అంతా అయ్యాక కూడా కొప్పు సరిగ్గా లేదంటాడు! ఆమె లోపలికెళ్లి ముడి వేసుకుని తలుపు తీసేసరికి, కిటికీ బయట హోటల్ నియాన్ బోర్డు నుంచి పడే పచ్చటి వెలుగు ఆమెను ముంచేస్తుంది, పొగలోంచి దెయ్యం వచ్చినట్టుంటుంది. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే ఆ క్షణంలో అతనికి కావలసిన మనిషి దొరికింది, జూడీ మాత్రం లేకుండా పోయింది.

ఆ కొప్పులో ఉన్నది సుడి. సాల్ బాస్ చేసిన టైటిల్స్‌లో కన్నులోంచి తిరుగుతూ వచ్చేదీ అదే, మడలిన్ మ్యూజియంలో చూస్తూ కూర్చునే పూర్వీకురాలు కార్లొట్టా బొమ్మలో జుట్టుదీ అదే. గంట గోపురం మెట్ల మీంచి స్కాటీ కిందికి చూసినప్పుడు, కెమెరా వెనక్కి పోతుండగా జూమ్ ముందుకు లాగే ఆ షాట్‌లో మనమే సుడిలో పడ్డట్టు అవుతుంది. వ్యాసంలో ఈ షాట్ ప్రస్తావన ఉంది గానీ కొప్పు ఊసే లేదు.

ఇంకో మాట. ఈ సినిమా రంగులు వెలిసిపోతుంటే 1996లో పాత సినిమాలను బాగుచేసే రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ ఎంతో కష్టపడి వాటిని తిరిగి తెచ్చారు. మీరేమో వ్యాసం పక్కన ఫొటోని నలుపు తెలుపులో వేశారు. ఈసారి ఆ హోటల్ గది సీన్‌ని రంగుల్లో, కాస్త పెద్దదిగా వేయండి, దయచేసి.

ఇట్లు,
మీ పాఠకుడు