తెలంగాణ విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ: వలస వచ్చి 9వ తరగతిలో చేరే పిల్లల గురించి

గౌరవనీయులైన మంత్రి గారికి,

జీడిమెట్ల, పటాన్‌చెరు, కాటేదాన్ ఫ్యాక్టరీల్లో పని కోసం వచ్చే బిహార్, ఒడిశా కుటుంబాల పిల్లలు మన ఉన్నత పాఠశాలల్లో చేరుతున్నారు. ఆరేళ్ల పిల్ల ఆటల్లోనే తెలుగు పట్టేస్తుంది. పదిహేనేళ్లవాడు నవ్వుతారేమోనని నోరే విప్పడు.

పాత బడి ఇచ్చే బదిలీ పత్రం (టీసీ) ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపొద్దని, వయసుకు తగ్గ తరగతిలో వేసి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అదంతా 8వ తరగతి వరకే. నేరుగా 9లోకి వచ్చేవాణ్ని టీసీ కోసం ఊరికి పంపితే, సగం మంది పనిలో కుదిరిపోతారనే మా భయం. ఆ రెండు నిబంధనలూ 9, 10 తరగతులకూ వర్తిస్తాయని ఒక్క జీవో చాలు.

చేరిన రోజు తెలుగు వాచకం చేతికిస్తే ఏమీ రాదనే తేలుతుంది. ముందు వాడి భాషలో లెక్కల కాగితం ఇవ్వాలి: భిన్నాలు, శాతాలు, చిన్న సమీకరణాలు, పది లెక్కలు, అరగంట. సమీకరణాలు చేసేవాణ్ని భాష రాలేదని ఆరో తరగతిలో కూర్చోబెడితే దసరా తర్వాత కనిపించడు.

తెలుగుకు మూడు నెలలపాటు రోజూ రెండు పీరియడ్లు, జట్టుకు ఎనిమిది మందికి మించకుండా. లెక్కలు, ఆటల పీరియడ్లు మాత్రం ముట్టుకోవద్దు, స్నేహాలు కుదిరేది అక్కడే. హిందీ, ఒడియా పిల్లల్ని ఒకే జట్టులో వేయకూడదు. హిందీలో పదం చివరి 'అ' పలకరు కాబట్టి హిందీ పిల్లవాడు 'పలక'ను 'పలక్' అంటాడు. హ్రస్వ ఒకారం (పొట్టి 'ఒ') అలవాటు లేక 'కొన'లోని 'కొ'ను 'కో' చేస్తాడు. ఒడియా పిల్లవాడు 'పలక' చివరి అచ్చును వదలడు గానీ, వాడి భాషలో ఇకార ఉకారాలకు పొడవు తేడా పలకదు. 'పుట', 'పూట' ఒకటే. ఇద్దరి తప్పులూ వేరు, అభ్యాసాలూ వేరుగా ఉండాలి.

ఇంకో చిక్కు: పుస్తకం ఇంగ్లిషులో, టీచరు వివరణ తెలుగులో. వాడికి రెండూ కొత్తే. బడిలో ఇస్తున్న ద్విభాషా పుస్తకాల్లో ఎదురు పేజీ తెలుగు, అది వాడికి అక్కరకు రాదు. సైన్సు, సోషల్ పాఠానికి ముప్పై మాటల చొప్పున హిందీ, ఒడియా అర్థాల పట్టిక అచ్చువేయించండి. ఖర్చు పెద్దదేం కాదు.

చివరిగా, అడ్మిషన్ దరఖాస్తులో ప్రథమ భాష గడి. హిందీ ప్రథమ భాషగా, తెలుగు ద్వితీయ భాషగా పదో తరగతి రాసే వీలుంది. అడ్మిషన్ రోజు ఎవరూ అడగక ఆ గడిలో తెలుగు పడిపోతుంది. పదో తరగతి పరీక్షకు పిల్లల జాబితా (నామినల్ రోల్స్) పంపే వేళ గానీ బయటపడదు. ఆ ప్రశ్న తల్లిదండ్రుల భాషలో అడిగి సంతకం తీసుకోవాలని దరఖాస్తులోనే రాయించండి.

ఇట్లు,
ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులం కొందరం